రెండు తీగలూ, ఒక సీసా: డాలెక్‌ల పుట్టుకను మళ్లీ చూశాక

గత ఆరు శనివారాలుగా, సాయంత్రానికి ఒక్క భాగం చొప్పున, బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ టీవీ ధారావాహిక ‘డాక్టర్ హూ’లోని ‘జెనెసిస్ ఆఫ్ ద డాలెక్స్’ మళ్లీ చూశాను. బీబీసీ కూడా దీన్ని 1975 మార్చి 8 నుంచి ఏప్రిల్ 12 వరకు శనివారం శనివారం, ఒక్కొక్కటి సుమారు 25 నిమిషాల ఆరు భాగాలుగా ప్రసారం చేసింది. చాలా ఏళ్ల క్రితం ఒక మిత్రుడి గదిలో ఆరింటినీ ఒకే రాత్రి చూసినప్పుడు, నాలుగో భాగం నడుస్తుండగానే నాకు నిద్ర ముంచుకొచ్చింది. అప్పుడు తప్పు సీరియల్‌ది అనుకున్నాను. ఇప్పుడు చూస్తే తప్పు నాదేనని తేలింది. వారపత్రికలో ‘సశేషం’ అన్న మాట దగ్గర ఆగి, మళ్లీ వారం వరకు కథను మనసులో నానబెట్టుకుని చదివిన తరానికి ఈ సంగతి వివరించనక్కరలేదు.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. స్కారో అనే గ్రహం మీద కేలెడ్లు, థాల్‌లు అనే రెండు జాతుల మధ్య వెయ్యేళ్లుగా యుద్ధం సాగుతోంది. కేలెడ్ల శాస్త్రవేత్త డావ్రోస్, తన జాతి చివరికి ఏ వికృతరూపంలోకి మారిపోనున్నదో ముందే లెక్కగట్టి, ఆ రూపాన్ని మోసుకు తిరిగే ఇనుప వాహనాన్ని తయారుచేస్తాడు. బోర్లించిన గంగాళం లాంటి ఆ వాహనమూ, లోపలి ప్రాణీ కలిసి డాలెక్. ముందుముందు ఈ డాలెక్‌లు విశ్వంలో మరో ప్రాణి లేకుండా చేస్తాయని భయపడిన కాలాధిపతులు (కాలంలో ప్రయాణించగల ‘టైమ్ లార్డ్స్’ జాతి), వాటి పుట్టుకనే ఆపమని, అది కుదరకపోతే వాటి క్రూరత్వమైనా తగ్గించమని, కనీసం వాటి బలహీనతనైనా కనిపెట్టమని తమలో ఒకడైన కథానాయకుడు డాక్టర్‌ను గతంలోకి పంపుతారు.

చిత్రీకరణలో లోపాలు లేవని వాదించను. గుహలో డాక్టర్ సహచరుడు హ్యారీ కాలు పట్టుకునే ఆ రాకాసి ఆల్చిప్పలను చూసి ఈసారి కూడా నవ్వు ఆపుకోలేకపోయాను. డాక్టర్ పట్టుబడడం, తప్పించుకోవడం, అదే సొరంగం గుండా ఈ కోట నుంచి ఆ కోటకు తిరగడం అన్నీ ఆరు భాగాలు నింపడానికి చేసిన పనులే. రెండో భాగం చివర రాకెట్ పక్కన ఉన్న పరంజా మీద నుంచి మరో సహచరి సారా పడిపోతుండగా దృశ్యాన్ని స్తంభింపజేసి వారంపాటు ఊరించి, తీరా చూస్తే ఆమె కాస్త కిందనున్న పరంజా బల్ల మీదే పడిందని చెప్పడం శుద్ధ మోసం. కానీ కందకంలో బతికున్న సైనికులు చాలక శవాలను నిలబెట్టి కాపలాగా చూపించే ఆ మొదటి భాగం ముందు ఈ చిన్న మోసాలు నిలవవు. ఒకే సైనికుడి ఒంటి మీద కొత్త ఆయుధమూ, జంతుచర్మమూ కలిసి కనిపిస్తాయి. యుద్ధం ఎంతకాలంగా సాగుతున్నదో, దేశాలు ఎంత అరిగిపోయాయో చెప్పడానికి అంతకంటే సంభాషణ అవసరం లేదు. రచయిత టెర్రీ నేషన్ 1930లో పుట్టి, రెండో ప్రపంచయుద్ధపు నీడలో బాల్యం గడిపినవాడు. కేలెడ్ల నల్లని దుస్తులూ, మడమలు కొట్టుకునే వందనాలూ ఎవరిని గుర్తుచేయాలో వారినే గుర్తుచేస్తాయి. పిల్లలు చూసే వేళలో ఇంత హింసా అని, టీవీలో హింసకు వ్యతిరేకంగా ఉద్యమించిన మేరీ వైట్‌హౌస్ ఆనాడు మండిపడింది. ఆమె వాదనతో నేను ఏకీభవించను గాని, ఇది పసిపిల్లల కాలక్షేపం కాదని ఆమె గ్రహించినంత బాగా కొందరు అభిమానులు ఇప్పటికీ గ్రహించలేదు.

నా అసలు బాధ ఆ అభిమానుల మీదే. ఈ సీరియల్ పేరెత్తగానే అందరూ పంచుకునేది ఒక్కటే దృశ్యం. డాలెక్ పిండాలు పెరిగే గది గుమ్మంలో, రెండు చేతుల్లో రెండు తీగలు పట్టుకుని, వాటిని కలిపితే ఒక జాతి మొత్తం అంతమవుతుందని తెలిసి, ఆ హక్కు తనకుందా అని డాక్టర్ తనను తాను ప్రశ్నించుకునే దృశ్యం అది. డాక్టర్‌గా టామ్ బేకర్ అద్భుతంగా నటించాడు, సందేహం లేదు. కానీ రెండు నిమిషాల ముక్కగా కత్తిరించి, ‘హింసను తిరస్కరించిన మహానుభావుడు’ అని దాని కింద రాసేవాళ్లు మిగతా భాగాలు చూశారా అని నా అనుమానం.

ఎందుకంటే అంతకు ముందు వారం, అంటే ఐదో భాగంలో, డాక్టర్ ఇదే ప్రశ్నను డావ్రోస్‌ను అడుగుతాడు. సమస్త ప్రాణులనూ చంపగల ఒక సూక్ష్మజీవిని నువ్వు సృష్టించావనుకో, దాన్ని బయటికి వదులుతావా అని. డావ్రోస్ మొదట శాస్త్రవేత్తలా ఆసక్తిగా వింటాడు. తరువాత అతని గొంతు మారుతుంది. లేని సీసా ఒకటి వేళ్ల మధ్య ఉన్నట్టు చెయ్యి పైకెత్తి, బొటనవేలు కొంచెం నొక్కితే చాలునన్న ఆలోచనకే పరవశించిపోయి, వదులుతానంటాడు. ముఖమంతా మాస్కు కింద ఉండి, ఒక్క చెయ్యీ గొంతూ మాత్రమే మిగిలిన డావ్రోస్ పాత్రధారి మైకేల్ విషర్ అక్కడ చేసిన నటనకు సాటి మొత్తం సీరియల్‌లో లేదు. రిహార్సల్స్‌లో తలకు కాగితం సంచి తగిలించుకుని సాధన చేశాడంటే ఆ ఫలితం ఊరికే రాలేదన్నమాట. సరిగ్గా వారం తిరిగేసరికి ఆ ఊహాసీసా నిజమైన తీగలుగా మారి డాక్టర్ చేతికే వస్తుంది. వ్యాధిని పుట్టించే క్రిమి అయితే చంపడానికి సందేహిస్తావా అని పక్కనుంచి సారా అడుగుతుంది. ఆ మాటలో ఎంత న్యాయముందో, డావ్రోస్ రుచిచూసిన ఆ అధికారపు మత్తు కూడా అంతే ఉంది. ఈ రెండు దృశ్యాలు ఒకదానికొకటి అద్దాలు. ఒకదాన్ని పగలగొట్టి రెండోదాన్ని మాత్రం గోడకు తగిలించుకుంటే ఏం కనిపిస్తుంది?

మన కథల్లో పెరిగినవాడికి ఆ గుమ్మం దగ్గర మరో మనిషి కూడా గుర్తుకొస్తాడు. ఆకాశవాణి చెప్పిన భవిష్యత్తును నమ్మి, ఇంకా ఏ పాపమూ ఎరగని పసికందులను చంపడానికి చెరసాల గడప తొక్కిన కంసుడు. పోలిక పూర్తిగా అతకదు. కంసుడిది ప్రాణభయం, డాక్టర్‌ది లోకక్షేమం. అయినా జరగబోయేది ముందే తెలిసినవాడు ఊయల మీద చెయ్యి వెయ్యవచ్చునా అన్న ప్రశ్న ఇద్దరికీ ఒకటే. దానికి జవాబు సులువని చెప్పేవారిని నేను నమ్మను.

విచిత్రమేమిటంటే, సీరియల్ కూడా జవాబు చెప్పదు. డాక్టర్ ఏ నిర్ణయానికీ రాకముందే, డావ్రోస్ తనపై తిరగబడిన శాస్త్రవేత్తల షరతులకు ఒప్పుకున్నాడన్న వార్త మోసుకుని ఒక శాస్త్రవేత్త పరుగెత్తుకొస్తాడు. నిర్ణయించే బాధ తప్పినందుకు డాక్టర్ అతనికి ఎంతో కృతజ్ఞుడవుతాడు. ఆ ఒప్పుకోలు బూటకమని, దానికి బదులుగా ఎందరో చావనున్నారని కాసేపట్లోనే తేలుతుంది. అప్పుడు డాక్టర్ ధర్మసందేహాలేవీ లేకుండా అదే గదికి తిరిగివెళ్లి తీగలు కలపబోతాడు. చివరికి వాటిని కలిపింది కూడా అతను కాదు. అతని వెంటపడిన ఒక డాలెక్ ఆ తీగల మీదుగా దొర్లడంతో గది పేలిపోతుంది. ఇంత నిర్దాక్షిణ్యమైన వ్యంగ్యాన్ని వదిలేసి, వాయిదా పడిన ఒక సందేహాన్ని అహింసావ్రతంగా ప్రచారం చేయడం ఏ రకమైన అభిమానం?

డావ్రోస్ అంతం కూడా ఈ వరుసలోనే వస్తుంది. భస్మాసురుడికి వరమిచ్చిన శివుడిని కాపాడటానికి మోహిని వచ్చింది. ఇక్కడ ఎవరూ రారు. తన మనుషుల మీదైనా జాలి చూపమని అతను వేడుకుంటే, జాలి అన్న మాట తమ పదకోశంలో లేదంటాయి డాలెక్‌లు. ఆ పదకోశం కూర్చినవాడు అతనే.

1975 డిసెంబరు 27న బీబీసీ ఈ ఆరు భాగాలనూ 85 నిమిషాలకు కుదించి పునఃప్రసారం చేసింది. కత్తెర వేయడమే ధ్యేయమైతే నా ఓటు మాత్రం ఒకే ఒక్క వాక్యానికి. డాలెక్‌లను వెయ్యేళ్లు వెనక్కి నెట్టానని లెక్క చెప్పిన డాక్టర్, వాటి చెడులోంచి ఏదో మంచి పుడుతుందిలే అన్నట్టు చివరి మాట చెప్పి మాయమవుతాడు. అప్పటికే భూగర్భంలో సమాధైన డాలెక్‌లు, మేము బయటికి వస్తామని గోడలు అదిరేలా శపథం చేసి ఉన్నాయి. నేనైతే సీరియల్‌ను ఆ శపథం దగ్గరే ఆపేవాణ్ని.