తాళం పడకముందే ఆ ఇంటికి వెళ్లాలి

దీపావళి దాటిందంటే నారాయణపేట, మక్తల్, దేవరకద్ర వైపు ఊళ్లలో ఒక్కో ఇంటికి తాళం పడుతూ వస్తుంది. కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు పెండ్లికో, ఆసుపత్రికో, పాత బాకీకో ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇక మిగిలింది మూటలు కట్టుకుని ముంబై, పుణె, బెంగళూరు బస్సెక్కడమే. మళ్లీ ఊరి ముఖం చూసేది ఏరువాకకే. జూరాల, కల్వకుర్తి, భీమా, కోయిల్‌సాగర్ ప్రాజెక్టుల నీళ్లు పారిన చోట వలస సన్నగిల్లింది గానీ, కాలువ అందని ఊళ్లలో, తండాల్లో ఆగలేదు. అలాంటి ఇంట్లో బడి ఈడు పిల్ల ఉంటే మూడే దారులు: అమ్మానాన్నల వెంట పనిచోటికి పోవడం, ముసలవ్వ దగ్గర ఉండిపోవడం, ఎవరైనా నడిపే హాస్టల్లో చేరడం. ఈ మూడో దారిని పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో తరాల తరబడి తెరిచి ఉంచినవాళ్లలో క్రైస్తవ సంఘాలు, వాటి సేవాసంస్థలు ఉన్నాయి. ఆ డబ్బు, ఆ శ్రద్ధ ఇకనుంచి రెండో దారి మీద, అంటే ముసలవ్వ ఇంటి మీద, ఎక్కువగా పెట్టాలన్నది మా అభిప్రాయం.

హాస్టళ్లు చేసిన మేలు మరిచి ఈ మాట అనడం లేదు. రష్యా నుంచి వచ్చిన, మెనోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో మకాం పెట్టే నాటికి ఇక్కడి మాల, మాదిగ పిల్లలకు పలకా బలపం పట్టే యోగమే అరుదు. తర్వాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండల్లో మిషన్ కాంపౌండులు, వాటిలో బోర్డింగ్ బడులు లేచాయి. 1976లో నల్లగొండ కేంద్రంగా కతోలిక మేత్రాసనం (బిషప్ పాలనా పరిధి) ఏర్పడింది. ఆ బోర్డింగుల్లో నేలమీద పడుకుని చదివినవాళ్లు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. అప్పుడు ఊళ్లో బడి లేదు కాబట్టి పిల్లను ఊరు దాటించక తప్పలేదు. ఇప్పుడు బడి ఉంది, గురుకులం ఉంది, కస్తూర్బా విద్యాలయం ఉంది, పదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఉంది. బడి విడిచినప్పటి నుంచి పడుకునే దాకా, ఆదివారాలు, ఎండాకాలం సెలవులు, ఆ వేళల్లో పిల్లను కనిపెట్టుకుని ఉండే మనిషే లేదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా ఇదే చెబుతుంది. సంస్థలో ఉంచడం ఆఖరి మార్గం, ముందు కుటుంబం. ఆదరణ అవసరమైన పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థ అయినా 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. కాకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దొరికిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలి. చాలామంది పాస్టర్లు ఇది తెలియక, కొందరు తెలిసీ, పార్సనేజీ (పాస్టరు నివాసం) పక్క రెండు గదుల్లో పదిహేను మందిని పెట్టుకుని ‘మా ఇంటి పిల్లలే’ అంటుంటారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది ఉద్దేశాన్ని కాదు, రిజిస్టరును.

లెక్క కట్టి చూస్తే చిన్న సంఘానికి హాస్టల్ ఎంత బరువో అర్థమవుతుంది. 2016 నమూనా నియమాల ప్రకారం ఒక్కో పిల్లకు పడకగదిలో 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది ఉండాలి. యాభై మంది ఉన్నారంటే రెండు వేల చదరపు అడుగుల పడకగదులు, ఎనిమిది మరుగుదొడ్లు. రోజుకు తలకు 600 గ్రాముల బియ్యమో గోధుమలో, 120 గ్రాముల పప్పు, 150 మిల్లీలీటర్ల పాలు అంటే ఆ వంటింట్లో పొద్దున్నే 30 కిలోల బియ్యం, 6 కిలోల పప్పు, ఏడున్నర లీటర్ల పాలు దిగాలి. విరాళం ఒక్క నెల ఆలస్యమైతే ముందు పాలు ఆగుతాయి, తర్వాత గుడ్డు, ఆ తర్వాత పప్పు నీళ్లవుతుంది. బియ్యం మాత్రం ఆగదు కాబట్టి బయటివాళ్లకు ఏమీ తెలియదు. మూడు నెలలకు పిల్లల పెదాల మూలలు పగిలి, జుట్టు ఎర్రబడి చెబుతాయి.

ఇంకో తప్పు దాతల వైపు నుంచి వస్తుంది. పిల్ల ఫొటో, కింద ‘అనాథ’ అన్న మాట, దాని కింద నెలవారీ చందా. వలసపోయిన తల్లి పుణెలో ఇసుక మోస్తుంటే ఇక్కడ పిల్ల అనాథ ఎలా అవుతుంది? ఆదరణ అవసరమైన పిల్లల ఫొటో, పేరు, బడి, చిరునామా బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం; ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం పోనీండి, ఆ ఫొటో పదేళ్ల తర్వాత ఆ పిల్ల పెళ్లిచూపుల వేళ ఎవరి ఫోన్లోనో తేలుతుంది. పైగా ఒక్క పిల్లకు దాత దొరికితే అదే ఇంట్లో మిగతా ఇద్దరికీ ఏమీ ఉండదు. కొత్త బ్యాగు ఒకరికి, చిరిగిన సంచి ఇద్దరికి. చందాను పిల్ల పేరున కాక ఊరి పేరున జమచేసి ఇంటింటి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టడం మేలు. దాతకు ఉత్తరం రాయించే పని తప్పుతుంది కూడా.

మరి ముసలవ్వ ఇంట్లో పిల్లను నిలబెట్టడం ఎలా? పని దసరా ముందు మొదలు కావాలి. సంఘంలో ఇద్దరు, ఊరి ఆశా కార్యకర్తో అంగన్‌వాడీ టీచరో ఒకరు కలిసి గుడి, మసీదు, చర్చి అని చూడకుండా ప్రతి ఇంటికీ వెళ్లి ఎవరు పోతున్నారు, ఎక్కడికి, ఏ మేస్త్రీ వెంట, పిల్లలు ఎక్కడ ఉంటారు అని రాసుకోవాలి. తల్లిదండ్రుల ఫోన్ నంబరుతో పాటు మేస్త్రీదీ తీసుకోవాలి. పనిచోట సిమ్ మారుతుంది, మేస్త్రీ నంబరు మారదు. రేషన్ సంగతి అప్పుడే తేలాలి. పిల్ల పేరు తల్లిదండ్రుల కార్డులో, అవ్వది వేరే కార్డు. పిల్ల వాటా బియ్యం ఎవరు వేలిముద్ర వేసి తేవాలో వెళ్లేముందు మాట్లాడుకోకపోతే డిసెంబరు నుంచి అవ్వ తన బియ్యమే ముగ్గురికి వండుతుంది.

సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా చర్చి హాల్లోనో, పంచాయతీ గదిలోనో చదువు కేంద్రం. రాగానే చేతిలో గుడాలు పెట్టాలి. తలకు యాభై గ్రాముల శనగలో బబ్బెర్లో, ముప్పైమందికి కిలోన్నర, పొద్దున్నే నానబెడితే చాలు. బిస్కెట్ ప్యాకెట్ పంచడం సులువే గానీ ఆకలి తీరదు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి హోంవర్క్ చేయించడం. ఏడో తరగతి పిల్లాడికి వత్తులు రాకపోవచ్చు. తరగతిని పక్కనబెట్టి, అక్షరాలు రానివాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా చదివేవాళ్లు అని మూడు గుంపులు చేస్తే కూడబలుక్కునేవాళ్లు కొన్ని నెలల్లోనే పేరా చదువుతారు. చెప్పేందుకు ఇంటర్ పూర్తయిన ఆ ఊరి అమ్మాయే సరి. ఆమెకు పెళ్లి కుదిరితే కేంద్రం మూతపడకుండా మొదటి నుంచీ ఇద్దరిని పెట్టుకోవాలి. వారానికోసారి ఎవరో ఒకరు అవ్వ ఇంటి తలుపు తట్టాలి. పొయ్యి వెలుగుతోందా, జ్వరమేమైనా వచ్చిందా, ఆడపిల్ల రాత్రి ఎక్కడ పడుకుంటోంది. ఈ మూడోది అడగడానికి మగవాళ్లను పంపకూడదు. ఏదైనా తేడా కనబడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చెప్పాలి. లైంగిక హింస అనుమానం ఉంటే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి, సంఘ పెద్దల పంచాయితీ పనికిరాదు.

మేలో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పేరిట వారం పది రోజులు పాటలు, ఆటలు, భోజనం పెడతారు. ఊరి పిల్లలు దానికోసం ఎదురుచూస్తారన్నది నిజం. కానీ ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా మధ్యాహ్న భోజనం ఉండదు. ఆ ఖర్చుతోనే మైకు, టీషర్టులు, ఫ్లెక్సీలు తగ్గించి అన్నం రోజులు పెంచవచ్చు.

గద్వాల వైపు కథ వేరు. గట్టు, మల్దకల్, ధరూర్, అయిజ మండలాల్లో సీడ్ పత్తి, అంటే విత్తనం కోసం వేసే పత్తి. రేపు విచ్చే మొగ్గను ఇవాళ సాయంత్రం గోటితో గిల్లి పైపొర, పుప్పొడి తీసేసి గుర్తు పెడతారు. తెల్లారాక మగ పువ్వు తెచ్చి ఆ కొనకు అద్దుతారు. దీన్ని క్రాసింగ్ అంటారు. చెట్టు ఎత్తు, మొగ్గ మెత్తదనం పిల్లల చేతికే కుదురుతాయని పెద్దలు చెప్పే మాట వట్టి సాకు. అసలు సంగతి కూలి తక్కువ కావడం. విత్తన కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ దగ్గర వడ్డీకి తెచ్చిన రైతు, జీఓటీ (విత్తన స్వచ్ఛత పరీక్ష) ఫెయిలైతే డబ్బు రాదన్న భయంతో కూలి దగ్గరే కోత పెడతాడు. ఇక్కడ పిల్ల బడి మానేది వలస కాలంలో కాదు, ఆగస్టు నుంచి. సాయంత్రం చదువు కేంద్రం పెడితే మొగ్గ గిల్లే వేళ అది, ఎవరూ రారు. కాబట్టి ఇక్కడ సంఘాలు చేయాల్సింది ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు హాజరు పట్టీ హెడ్‌మాస్టర్‌తో కలిసి వారం వారం చూసి, మూడు రోజులు రాని పిల్ల ఇంటికి నాలుగో రోజు వెళ్లడం. రైతుల్లో క్రైస్తవులు ఉన్నారు, ముందు వాళ్ల చేలతో మొదలుపెడితే ఇతరులను అడిగే నోరు ఉంటుంది.

కాగితాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పద్దెనిమిదేళ్లు పెంచి ఇక్కడ చెడగొట్టిన సందర్భాలు ఎక్కువ. ఇంట్లో ఎల్లమ్మ, హాస్టల్ రిజిస్టర్లో ఎస్తేరు. ఆధార్‌లో ఒక పేరు, టీసీలో ఒకటి, పదో తరగతి మెమోలో మూడోది. అన్నిటికంటే పెద్ద చిక్కు బడిలో చేర్చేటప్పుడు కులం, మతం గడి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు; తెలంగాణలో వాళ్లు బీసీ-సీ కిందికి, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. ఎస్టీలకు ఈ చిక్కు లేదు, లంబాడా పిల్ల చర్చికి వెళ్లినా ఎస్టీయే. తల్లిదండ్రులు బాప్తిస్మం తీసుకోకుండానే, హాస్టల్లో చేర్చినందుకే వార్డెన్ ‘క్రిస్టియన్’ అని రాసేస్తే ఆ పిల్ల భవిష్యత్తు ఒక గడిలో మారిపోతుంది. ఆ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, మాకు అది అన్యాయమనే ఉంది. కానీ పిల్ల తరఫున ఆ గడి నింపే హక్కు వార్డెన్‌కు లేదు. తల్లిదండ్రులు చెప్పిందే, వాళ్ల ముందే రాయాలి.

ఆధార్ బయోమెట్రిక్ అయిదో ఏట, పదిహేనో ఏట తప్పక మార్చుకోవాలి. పదిహేనుది మరిచిపోతే స్కాలర్‌షిప్ వేళ వేలిముద్ర పడదు. తండ్రి చనిపోయిన ఇంటికి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 దాటకూడదు. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు ఇవ్వాలి. చాలా దరఖాస్తులు ఆగేది మరణ ధ్రువపత్రం దగ్గరే. చావు నమోదు చేయించక ఏడాది దాటితే ఆర్డీఓ ఉత్తర్వు కావాలి. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించాలన్న వాక్యం ప్రతి సంఘానికీ కంఠతా వచ్చు. ఆ విధవరాలి వెంట మూడుసార్లు ఆర్డీఓ ఆఫీసుకు తిరగడం కూడా పరామర్శే.

డబ్బు సంగతి. పిల్లలకు దాతల చందాలు పంపే అమెరికా క్రైస్తవ సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశంలో పని మూసేసినప్పుడు 589 కేంద్రాల్లో లక్షా 45 వేల మంది పిల్లలకు సాయం ఒక్కసారిగా ఆగింది. విదేశీ విరాళాల చట్టానికి 2020 సెప్టెంబరులో చేసిన సవరణతో విదేశీ విరాళం ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖలోకి రావాలి, పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గాలి, తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. హైదరాబాదులోని పెద్ద సంస్థ నుంచి అచ్చంపేట తండాకు వచ్చే చిన్న పాయ అలా ఎండిపోయింది. ఈ ఆంక్షలు సేవకు గొంతు నులిమేలా ఉన్నాయనే మేమంటాం. అయితే పిల్లల అన్నం సముద్రాల అవతలి ఒక్క చెక్కు మీద ఆధారపడటం కూడా తప్పే. మిజోరం సంఘాల్లో ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి పెట్టి దానితోనే పెద్ద పనులు నడుపుతున్నారు. మన దగ్గర అరవై ఇళ్ల సంఘం రోజుకు పిడికెడు చొప్పున తీస్తే, పిడికెడు యాభై గ్రాములనుకున్నా, నెలకు 90 కిలోలు. చర్చి గోపురం ఎత్తు పెంచే చందా ఏడాది వాయిదా వేస్తే మిగతాదీ సమకూరుతుంది. జమాఖర్చులు చర్చి గోడకే కాక పంచాయతీ బోర్డుకూ అంటించాలి.

సాయం తీసుకున్నందుకు ప్రార్థనకు రావాలన్న షరతు, రానందుకు గుడాలు ఆపడం ఎక్కడైనా జరిగితే అది పిల్లల ఆకలితో బేరమే. మతమార్పిడి అన్న కేక వేసి నడుస్తున్న కేంద్రానికి తాళం వేయించేవాళ్లు కూడా ఆ సాయంత్రం పిల్లలు ఎక్కడికి పోతారో చెప్పి వేయించాలి.

పదో తరగతి తర్వాత మన సంస్థలకు తోచేది కుట్టు మిషన్. పంచి ఫొటో దిగుతారు, ఆరు నెలలకు దాని మీద మడత దుప్పట్లు ఉంటాయి. ఊళ్లో టైలర్లు ఇప్పటికే ఉన్నారు. పని ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోకుండా మిషన్ ఇస్తే అంతే. సర్కారు బడుల యూనిఫాం కుట్టుపని మహిళా సంఘాలకు వస్తోంది కాబట్టి ముందు అమ్మాయిని అక్కడ కలపాలి. పాలిసెట్, ఐటీఐ దరఖాస్తుల వేళ ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, ఫీజుకు కొంత చేబదులు ఉంటే అంతకంటే ఎక్కువ పని జరుగుతుంది. హాస్టల్లో పెరిగి పద్దెనిమిది నిండినవాళ్లకు 21 ఏళ్లదాకా అనంతర సంరక్షణ చట్టంలోనే ఉంది. కానీ పుట్టినరోజు మర్నాడు పెట్టె సర్దించి పంపేస్తున్నారు. ఆ పిల్లకు దిగే ఊరు ఏదో కూడా తెలియదు.

ఈ ఏడాది పేర్లు రాసుకోవడానికి దసరా ముందు రెండు ఆదివారాలు చాలు. ఆరాధన పదకొండున్నరకు ముగిస్తే మధ్యాహ్నం భోజనాల వేళకు ఇళ్లలో మనుషులు దొరుకుతారు. దీపావళి తర్వాత వెళితే తాళంకప్పను ఎవరి పేరు అడుగుతారు?