తాళంచెవి ఎవరి చేతిలో?

సాల్ట్ లేక్ సిటీ దగ్గర ఒక తెలుగువాళ్ల ఇల్లు. నెలలో మొదటి ఆదివారం, అమెరికాలో పుట్టిన మార్మన్ క్రైస్తవ సంఘం వాళ్లకు ఉపవాస దినం. పొద్దున సభలో ఆడపడుచు మూడు నెలల పాపకు నామకరణ దీవెన జరిగింది. ఉపవాసం విడవడానికి వదిన వంటింట్లో పప్పు తాలింపు వేస్తోంది. ఇద్దరూ హైదరాబాదులో బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. సంఘం విడిచిపెట్టే ఆలోచన ఇద్దరికీ లేదు. ఈ మాట ముందే చెప్పాలి. ఆడది ప్రశ్న అడిగితే విశ్వాసం పోయిందనుకోవడం అక్కడా ఉంది, మన దగ్గరా ఉంది.

ఆడపడుచు: పొద్దున చూశావుగా వదినా. ఆరుగురు మగవాళ్లు గుండ్రంగా నిలబడి, ఎడమ చెయ్యి పక్కాయన భుజం మీద, కుడి చెయ్యి పాప కింద పెట్టి ఊపుతూ దీవించారు. పాప గుక్కపట్టింది. నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. అయినా రెండో బెంచీలోంచి కదలకూడదు. కన్నతల్లికి ఆ వలయంలో చోటెందుకు లేదు?

వదిన: అది యాజకత్వం, అంటే దేవుని పేరిట సంస్కారాలు చేసే అధికారం, ఉన్న మగవాళ్లు చేసే దీవెన కాబట్టి. ఆ అధికారం మీ ఆయన సొంతం కాదు తల్లీ, దేవుడిది. జ్వరమొస్తే మీ అన్నయ్య తనను తాను దీవించుకోలేడు, ఇంకొకరి చేతుల కింద తల వంచాల్సిందే. యాజకత్వం పేరు చెప్పి పెత్తనం చెయ్యకూడదు, ఓర్పుతో, ప్రేమతో ఒప్పించాలి అని మన లేఖన గ్రంథం ‘సిద్ధాంతము, నిబంధనలు’ 121వ ప్రకరణంలోనే ఉంది.

ఆడపడుచు: పెత్తనం చెయ్యొద్దని ఎవరికి చెబుతాం? పెత్తనం చేతిలో ఉన్నవాళ్లకే కదా. పైగా ఇది మొదట్నుంచీ ఇలా లేదు. 1842 మార్చిలో నావూ ఊళ్లో, సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ కొట్టు మేడ మీద స్త్రీల ఉపశమన సమాజం పుట్టింది. ఆయన భార్య ఎమ్మా అధ్యక్షురాలు, ఎలైజా స్నో కార్యదర్శి. ఏప్రిల్‌లో జోసెఫ్ అక్కడికొచ్చి దేవుని పేరిట ‘తాళంచెవి మీకు తిప్పుతున్నాను’ అన్నట్టు ఎలైజా మినిట్స్‌లో రాసుకుంది. తర్వాత సంఘ చరిత్ర అచ్చేసినవాళ్లు దాన్ని ‘మీ తరఫున తిప్పుతున్నాను’ అని మార్చారు. ‘మీకు’ అన్నది ‘మీ తరఫున’ అయిపోయింది! మన అమ్మమ్మ బొడ్లో తాళాల గుత్తి దోపుకునేది. ఆ గుత్తి తాతయ్య జేబులో ఉండి, ‘నీ తరఫున నేనే తీస్తాలే’ అంటే ఆ ఇంటికి యజమానురాలు ఆవిడ ఎలా అవుతుంది?

వదిన: ఆ అసలు మినిట్స్‌ను 2016లో అచ్చేసింది సంఘమే. దాచాలనుకుంటే అచ్చేస్తారా?

ఆడపడుచు: అచ్చేశారు, సంతోషం. చెవి మాత్రం ఇవ్వలేదు. ఆ కాలపు ఆడవాళ్లు రోగుల మీద చేతులుంచి ప్రార్థించేవారు. కాన్పుకు ముందు గర్భిణికి నూనె రాసి దీవించేవారు. దాన్ని మెల్లమెల్లగా తగ్గించి, 1946లో సంఘ అగ్రనాయకుల్లో ఒకరైన అపొస్తలుడి ఉత్తరంతో యాజకత్వమున్న మగవాళ్లనే పిలవమన్నారు.

వదిన: దేవాలయంలో స్త్రీలకు సంస్కారాలు చేసేది ఇప్పటికీ స్త్రీలే. నా తల మీద చెయ్యి పెట్టింది ఒక ముసలావిడ. ఆ చెయ్యి వణుకుతుంటే నాకు మా అమ్మే గుర్తొచ్చింది. అది శక్తి కాదంటావా? పైగా మన సిద్ధాంతం చూడు. పరలోకంలో తండ్రే కాదు, తల్లీ ఉందని నమ్ముతాం. పెళ్లి బంధం లేకుండా ఏ మగవాడూ పరలోకంలో అన్నిటికన్నా పైనున్న సిలెస్టియల్ రాజ్యంలో పై మెట్టు ఎక్కలేడు. స్త్రీకి ఇంత ఎత్తు ఎవరిచ్చారు?

ఆడపడుచు: నేనీ సంఘంలో చేరిందే అందుకు వదినా. ఆ తల్లి మాట 1845లో ఎలైజా రాసిన కవితలో ఉంది, ఈనాటికీ కీర్తనగా పాడుతున్నాం. పాడతాం, కానీ ఆవిడతో మాట్లాడకూడదు. 1991లో సంఘ పెద్దల్లో ఒకరైన హింక్లీగారు ఆవిడకు ప్రార్థన చెయ్యడం తగదన్నారు. పరలోకంలోనే తల్లి అలా మౌనంగా ఉంటే, నా కూతురు ఎదిగి చేరబోయే ఆ రక్షణలో దానికి గొంతుంటుందా?

వదిన: క్రీస్తు తండ్రికే ప్రార్థించమన్నాడు, అందుకు. మార్పు రావాలంటే ప్రవక్తకు, అంటే సంఘాధ్యక్షుడికి, దేవుడి నుంచి ప్రత్యక్షత రావాలి. 1978లో నల్లజాతి మగవాళ్లకు యాజకత్వం అలాగే వచ్చింది. ఊరేగింపులతో రాదు.

ఆడపడుచు: ప్రత్యక్షత ఊరికే దిగిరాదు, ఎవరో ఒకరు అడగాలి. మగవాళ్లు పొగాకు నమిలి ఉమ్మిన గది కడగలేక ఎమ్మా విసుక్కుంటే జోసెఫ్ దేవుణ్ణి అడిగాడని ఆయన తర్వాత సంఘాన్ని నడిపిన బ్రిగమ్ యంగే చెప్పాడు. 1833లో పొగాకు, మద్యం వద్దన్న మాట అలా వచ్చింది. ఈ కాలంలో యాజకత్వం అడిగిన కేట్ కెల్లీని 2014లో వెలివేశారు.

వదిన: అడిగినందుకు కాదు, ఉద్యమం నడిపి జనాన్ని కూడగట్టినందుకు అన్నారు.

ఆడపడుచు: సరే. ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. భార్య చనిపోయిన మగవాడు దేవాలయంలో ఇంకొకామెతోనూ నిత్యత్వానికి ముద్రించుకోవచ్చు, అంటే చావు తర్వాతా నిలిచే పెళ్లి చేసుకోవచ్చు. భర్త పోయిన ఆడది బతికుండగా రెండో ఆయనతో ముద్రించుకోవడానికి వీల్లేదు. అన్నయ్య మొదటి వదినతోనూ, నీతోనూ ముద్రించుకున్నాడు. హాల్లో దండేసిన ఆవిడ ఫోటో కింద రోజూ దీపం తుడిచేది నువ్వే. పరలోకంలో సవతి ఉంటుందన్న ఆలోచన నీకు ఎప్పుడూ రాలేదా?

(పప్పు అడుగంటుతున్న వాసన. వదిన పొయ్యి ఆపింది.)

వదిన: వచ్చింది. 2019 అక్టోబరు మహాసభలో సంఘ పెద్దల్లో ఒకరైన ఓక్స్‌గారు ఒకామె ఉత్తరం గురించి చెప్పారు. మొదటి భార్యా, తనూ అక్కడ ఒకే ఇంట్లో ఉండాలా అని ఆమె అడిగిందట. ఆయనా రెండో పెళ్లి చేసుకున్నవారే. ప్రభువును నమ్మమన్నారు. సభలో జనం నవ్వారు. నేను ఈ సోఫాలో కూర్చుని చూస్తున్నా. నాకు నవ్వు రాలేదు.

ఆడపడుచు: ఎవరికైనా చెప్పావా?

వదిన: ఎవరికి చెప్పను? బిషప్పూ మగవాడే. మీ అన్నయ్యకు చెబితే బాధపడతాడు. దేవుడు అన్యాయం చెయ్యడని నమ్మి ఊరుకున్నా. ఇప్పుడూ నమ్ముతున్నా.

ఆడపడుచు: నేనూ నమ్ముతున్నా వదినా. అందుకే అడుగుతున్నా.

వదిన: నువ్వు బిషప్ దగ్గరికి వెళ్లేటప్పుడు నాకు చెప్పు, వస్తా. యాజకత్వం కావాలని మాత్రం నేననను. ఈ ముద్రింపు సంగతి ఒక్కటే అడుగుతా. అదిగో, పాప లేచింది. ఇలా ఇవ్వు, ముందు నువ్వు తిను.