కార్బరేటర్‌ది తప్పా, క్యాన్‌ది తప్పా?

జామాయిల్ కోత మేస్త్రికీ, మిషన్లు బాగుచేసే మెకానిక్కుకీ నడిచిన వాదం ఇది. బల్ల మీద ఉన్నది 50 సి.సి. దాటిన చెట్ల కోత మిషన్, అంటే గొలుసు రంపం (చైన్‌సా). తాడు లాగితే అంటుకుంటుంది, స్లోలో నిలబడుతుంది, రేజ్ ఇవ్వగానే ఊపిరాడనట్టు ఆగిపోతుంది.

మేస్త్రి: బాబాయ్, కొత్త కార్బరేటర్ కొనే తెచ్చా. పాతది పీకి ఇది బిగించు. పావుగంట పని. అవతల తోటలో ఎనిమిది మంది చెట్టు కింద కూర్చున్నారు.

మెకానిక్: పాతది పోయిందని నీకెవరు చెప్పారు?

మేస్త్రి: మిషనే చెబుతోందిగా! పొద్దున ఫుల్ రేజ్‌లో పెట్రోలు సరిచేసే హెచ్ స్క్రూ అర తిప్పు బిగించా, స్లోలో సరిచేసే ఎల్ పావు తిప్పు వదిలా. దేనికీ లొంగలేదు.

మెకానిక్: ముందు ఎన్ని తిప్పుల మీద ఉందో చూసుకున్నావా?

మేస్త్రి: లేదు.

మెకానిక్: అదీ సంగతి. పెట్రోలు అందక ఆగిపోతున్న మిషన్‌కి హెచ్ బిగించడమంటే నోటికాడ ముద్ద లాగేయడమే. ఇది టూ స్ట్రోకు. పిస్టన్‌కి పోయే ఆయిలు కూడా ఆ పెట్రోల్లోనే పోవాలి. పెట్రోలు తగ్గితే చల్లదనమూ తగ్గుద్ది, జారుడూ తగ్గుద్ది. ఆ కాసేపూ మిషన్ రివ్వుమని అరుస్తుంటే బలమొచ్చిందనుకుంటారు. పిస్టన్ పట్టేసేది సరిగ్గా అప్పుడే.

మేస్త్రి: సరే, నేను తప్పే తిప్పాననుకో. తిప్పకముందు కూడా ఆగిందిగా. మరి కార్బరేటర్ కాకపోతే ఏంటి?

మెకానిక్: ఖర్చు లేనివాటితో మొదలుపెట్టాలి. ట్యాంకు మూత కొంచెం వదులు చేసి రేజ్ ఇవ్వు. అప్పుడు లాగిందంటే గాలి లోపలికొచ్చే వెంటు పూడింది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి, రాకపోతే లోపల పీడనం పడిపోయి పెట్రోలు కదలదు. దానికి ఒక్క నిమిషం. ఆ తర్వాత కొక్కెం వంచిన తీగతో ట్యాంకులోంచి ఫిల్టరు బయటికి లాగు. నల్లగా, జిగటగా ఉంటే పారేసి కొత్తది వెయ్యి. కడిగి వాడొద్దు. ఫిల్టరు పట్టుకున్న పైపుని వేళ్ల మధ్య వంచి చూడు. ట్యాంకు గోడ దాటే చోట సన్నటి పగులు పడుద్ది, అక్కడ పెట్రోలు బదులు గాలి పీలుస్తుంటది. ఎయిర్ ఫిల్టరు దులుపు. అది పూడితే ఇంకో రకం జబ్బు: పొగ, తడిసిన ప్లగ్గు. నీ ప్లగ్గు చూస్తే తెల్లగా పొడిగా ఉంది కాబట్టి పెట్రోలు ఎక్కువై కాదు, తక్కువై ఆగుతోంది. ఇవన్నీ బాగుంటే సైలెన్సరు విప్పు. లోపల జాలీ మసితో మూసుకుపోయినా స్లోలో బాగానే ఉండి రేజ్‌లో చస్తది. సైలెన్సరు తీసిన కంతలోంచి పిస్టన్ కనిపిస్తది, టార్చి వేసి చూడు. నిలువు గీతలుంటే పది కార్బరేటర్లు మార్చినా డబ్బు దండగే. ఇంత చేశాకే కార్బరేటర్ మీద చెయ్యి వెయ్యాలి.

మేస్త్రి: విన్నా. ఇప్పుడు నా లెక్క విను. నువ్వు చెప్పినవన్నీ చూసేసరికి రెండు గంటలు. ఎనిమిది మందికి రెండు గంటల కూలీ ఎంతో నీకూ తెలుసు, ఈ కార్బరేటర్ ఖరీదెంతో నీకూ తెలుసు. మార్చి చూస్తే తప్పు దానిదో కాదో పావుగంటలో తేలిపోద్ది. ఇది కూడా పరీక్షేగా?

మెకానిక్: (కాస్త ఆగి) బాగున్న మిషన్ మీంచి తీసింది తెచ్చుంటే నీ మాటకి తిరుగులేదు. నేనూ అలా మార్చి చూస్తా. నువ్వు తెచ్చింది ఎలా పనిచేస్తదో నీకే తెలీదు. పైగా దానిలోకి పోసేది ఆ క్యాన్‌లో పెట్రోలేగా. మూత తీసి ఉంది, ఎన్నాళ్లది?

మేస్త్రి: నెల పైనే అయుంటది. పెట్రోలు పాచిపోద్దా?

మెకానిక్: ఇప్పటి పెట్రోలు పాచిపోద్ది. బంకులో దొరికేది ఇరవై శాతం ఇథనాలు. అది గాల్లో తేమని లాక్కుంటది. మోతాదు మించితే నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలుని వదిలేసి అడుక్కి దిగుతయ్. ట్యాంకులో ఫిల్టరు ఉండేది అడుగునేగా, ముందు పీల్చేది దాన్నే. టూ స్ట్రోకుకి కలిపే టూటీ ఆయిలేమో పైనున్న పెట్రోలుతోనే ఉండిపోద్ది. నమ్మకపోతే కొలత గీతలున్న గాజు గొట్టంలో 10 మి.లీ. నీళ్లు, 90 మి.లీ. బంకు పెట్రోలు పోసి కుదిపి నిలబెట్టు. అడుగు పొర 10 దగ్గర ఉండదు, దాదాపు 28 దాకా లేస్తది. పెరిగిన 18 ఇథనాలే.

మేస్త్రి: అయితే తప్పు ప్రభుత్వానిదా, నాదా? చాలా కంపెనీల పుస్తకాల్లో పది శాతం దాటొద్దని ఉంటది, బంకులో ఇచ్చేది ఇరవై. నేనేం చెయ్యాలి, పెట్రోలు ఇంట్లో కాచుకోవాలా? ఇంకోటి. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటది, అందుకని కంపెనీ పెట్టిన స్క్రూ మీదే మిషన్‌కి పెట్రోలు చాలదు. అప్పుడు హెచ్ తిప్పక తప్పదుగా. నేను తిప్పితే మాత్రం తప్పేంటి?

మెకానిక్: తిప్పాలి, నిజమే. వదలాలి. నువ్వు బిగించావు.

మేస్త్రి: ...అది సరే.

మెకానిక్: బంకుని నువ్వూ నేనూ మార్చలేం. మూడు నాలుగు రోజుల కోతకి సరిపడా మాత్రమే కలుపుకో, మూత గట్టిగా బిగించు. ఆయిలెంత పోస్తున్నావ్?

మేస్త్రి: లీటరుకి 50 మి.లీ.

మెకానిక్: యాభయ్యా! మంచి ఆయిలైతే 20 చాలు, మామూలు టూటీ అయితే 40. ఆయిలు పెరిగితే పెట్రోలు తగ్గుద్ది.

మేస్త్రి: ఎంత తగ్గుద్ది బాబాయ్? ఇరవైకీ నలభైకీ తేడా లీటరు మీద రెండు శాతం. ఇథనాలు చేసే నష్టం దానికి నాలుగింతలు. మే నెల ఎండలో పొద్దుగూకులూ కోస్తున్నాం. పిస్టన్‌కి ఓ చుక్క ఎక్కువే తగలనీ.

మెకానిక్: ఆయిలు ఎక్కువై పిస్టన్ పట్టదులే, అక్కడ నీదే రైటు. కానీ ఆ చుక్కే మసై సైలెన్సరు జాలీలో కూర్చుంటది. నెలకోసారి నా దగ్గరికొస్తావు.

మేస్త్రి: వస్తే నీకే కదా డబ్బులు!

మెకానిక్: ఈ ఆయిలు గొడవ సంక్రాంతి దాకా తెగదుగానీ, క్యాన్ ఇటియ్యి. (సీసాలోకి ఒంచాడు. అడుగున తెల్లటి పొర వేరుగా నిలబడింది.) చూశావా?

మేస్త్రి: చూశా. పారబోసి కొత్తది పొయ్యి.

(ట్యాంకు కడిగి తాజా మిశ్రమం పోశారు. మిషన్ మునుపటికన్నా నయం, కానీ రేజ్‌లో ఇంకా తడబడుతోంది. మూత వదులు చేసినా అంతే. ఫిల్టరు కొత్తదేశారు, అయినా అంతే. పైపు బాగుంది, పిస్టన్ మీద గీతల్లేవు.)

మేస్త్రి: ఇప్పుడు చెప్పు! చివరికి కార్బరేటరేగా?

మెకానిక్: (కార్బరేటర్‌లో పెట్రోలు కొలిచే వైపున్న మీటరింగ్ మూత విప్పి) డయాఫ్రం, పెట్రోలు ఎంత రావాలో చూసే పల్చటి పొర. గుడ్డలా మెత్తగా ఉండాల్సింది అప్పడంలా పెళపెళమంటోంది. కార్బరేటర్ ఒళ్లు బాగానే ఉంది, మారాల్సింది ఈ బిళ్ల. డయాఫ్రంలూ ప్యాకింగులూ ఉండే కిట్ వేస్తా. ఈ వైపు ముందు ప్యాకింగు, దాని మీద డయాఫ్రం. పెట్రోలు లాగే పంపు వైపు ముందు డయాఫ్రం, మీద ప్యాకింగు. ఇది తారుమారు చేసి కొత్త కిట్టే పనికిరాదని తిట్టుకునేవాళ్లు చాలామంది. పంపు మూత కింద చిన్న జాలీ ఉంటది, అది కూడా శుభ్రం. జెట్లనే సన్నటి పెట్రోలు కంతల్లో తీగ దూర్చకూడదు, కంత పెద్దదైపోద్ది. సూది కింద లివరు కంపెనీ కొలత మీద ఉండాలి, ఎక్కువ లేస్తే వరద, తక్కువైతే కరువు. పెట్రోలు వచ్చే ముక్కులోకి చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడితో గాలి ఎక్కిస్తే గేజు ముల్లు దిగకూడదు.

మేస్త్రి: ఇప్పటికే గంటన్నర అయింది.

మెకానిక్: అయింది. ఒప్పుకుంటా. అయితే నువ్వు తెచ్చింది ఆ క్యాన్‌తోనే నడిపుంటే సాయంత్రానికి మళ్లీ ఇక్కడే ఉండేవాడివి.

మేస్త్రి: అది నువ్వు అనుకోవడం.

మెకానిక్: అనుకో. స్క్రూలు చూడు. రెండూ మెత్తగా ఆనేదాకా మూసి ఒక్కో తిప్పు వదిలా. గట్టిగా బిగిస్తే మొన పాడవుద్ది. కాస్త వేడెక్కనిచ్చి, రేజ్ తడుముకోకుండా అందుకునేదాకా ఎల్. స్లోలో గొలుసు తిరగకుండా ఐడిల్ స్క్రూ. ఆఖరికి హెచ్. గాల్లో ఫుల్ రేజ్ ఇస్తే గరగరమనాలి, గొలుసు తిరిగే బార్ చెక్కలో దిగ్గానే ఆ గరగర పోవాలి. గాల్లోనే శుభ్రంగా అరుస్తోందంటే బిగువైంది, ఇంకో వీసం వదులు.

మేస్త్రి: మరి కొత్త కార్బరేటర్ ఏం చెయ్యను? కొట్టువాడు వెనక్కి తీసుకోడు.

మెకానిక్: తోటలో సంచిలో ఉంచుకో. మిషన్ బాగా నడుస్తున్న రోజు ఓసారి బిగించి, స్క్రూలు సరిచేసి, ఎన్ని తిప్పులో దాని మీదే రాసిపెట్టు. ఇంకోసారి ఆగితే అప్పుడు మార్చి చూడు, నేనేం అనను.