సవరణ: సెక్షన్ 8 సంస్థకు ఏడాదికి ఎన్ని బోర్డు సమావేశాలు?

విశాఖలో స్వచ్ఛంద సంస్థలు నడిపేవారి కోసం పోయిన వారం పెట్టిన పోస్టులో, సెక్షన్ 8 కంపెనీ (కంపెనీల చట్టం కింద నమోదైన, లాభాపేక్ష లేని సంస్థ) బోర్డు ఏడాదికి నాలుగుసార్లు కూర్చుని తీరాలని, రెండు సమావేశాల మధ్య 120 రోజులు దాటకూడదని రాశాను. అది తప్పు. మామూలు కంపెనీల నియమాన్ని వీటికీ వర్తింపజేశాను.

2013 కంపెనీల చట్టం కింద కేంద్రం 2015 జూన్ 5న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, వీటికి ప్రతి ఆరు క్యాలెండర్ నెలల్లో కనీసం ఒక సమావేశం చాలు. కోరం, అంటే సమావేశం చెల్లాలంటే హాజరు కావాల్సిన కనీస డైరెక్టర్ల సంఖ్య, ఎనిమిది మంది, లేదా మొత్తం డైరెక్టర్లలో నాలుగో వంతు, ఏది తక్కువైతే అది. ఇద్దరికి మాత్రం తగ్గకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆర్థిక నివేదికలు, వార్షిక రిటర్నులు దాఖలు చేయకుండా వదిలేసిన సంస్థకు ఈ సడలింపులు దక్కవు. గాజువాకలో ఉండే ఒక కంపెనీ సెక్రటరీ చెప్పాక నోటిఫికేషన్ తెరిచి సరిచూసుకున్నాను.

సొసైటీగా నమోదైనవారికి ఇది వర్తించదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, మీ బైలాలు (సంస్థ సొంత నియమావళి) చూసుకోండి.

ఎంవీపీ కాలనీలో ఒక చిన్న సంస్థవాళ్లు నా పోస్టు చదివి టెన్షన్ పడి, లెక్క కోసం హడావిడిగా సమావేశం పిలిచారట. అజెండా లేకపోతే ఆపేయండి. మూడేళ్ల ప్రణాళిక వేసుకునే బోర్డుకు ఏడాదికి రెండుసార్లు కలిస్తే సరిపోదని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ అది నా అభిప్రాయం, చట్టం కాదు.