112వ పేజీ నుంచి వాంగ్మూలం

పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్న వాంగ్మూలం ఇది. ఒక ఆదివారం సాయంత్రం మేము ఐదుగురం కూర్చుని, జీవితంలో తప్పక చదవవలసిన పది పుస్తకాలు ఏవో తేల్చడానికి పూనుకున్నాం. అందరికంటే ముందు ‘వేయిపడగలు’ అన్నది నేనే. గొంతు సవరించుకుని మరీ అన్నాను. ఆ పుస్తకం మా ఇంట్లో ఉన్న మాట నిజం. దానికి నా చేతులతో అట్ట వేసిన మాట నిజం. అందులో నేను పెట్టుకున్న ఎర్ర రిబ్బను పదకొండేళ్లుగా 112వ పేజీ దగ్గరే విశ్రాంతి తీసుకుంటున్న మాట కూడా అంతే నిజం.

‘పూర్తి చేశారా?’ అని నన్నెవరూ అడగలేదు. ఇలాంటి సభల్లో అది మర్యాద. గురివింద తన నలుపెరగదని సామెత. ఈ సభలో కూర్చున్న గురివిందలన్నిటికీ తమ నలుపు బాగా తెలుసు. అందుకే ఒకరి వెనక్కి ఒకరు తొంగిచూడరు. ఆ పరస్పర దయ మీదే మూడు గంటల సాహిత్య చర్చ నడిచింది.

ముందుగా ‘తప్పక’ అనే మాట సంగతి చూద్దాం. నిఘంటువులు దీనికి నిశ్చయంగా, విధిగా అని ఏవో అర్థాలు చెబుతాయి. వాడుకలో దాని అసలు రంగు వేరు. తప్పక అప్పిచ్చాం, తప్పక ఆ పెళ్లికి వెళ్లాం, పై అధికారి జోకు వేస్తే తప్పక నవ్వాం. గత్యంతరం లేని చోట మనం వాడే మాట అది. ‘నిన్న తప్పక హాయిగా నిద్రపోయాను’ అన్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. అలాంటి మాటను తెచ్చి ఒక మంచి నవల నెత్తిన పెడితే, పాపం ఆ నవల ఏం చేస్తుంది? నిన్నటిదాకా స్నేహితుడిలా ఉన్నది ఇవాళ నోటీసు పట్టుకొచ్చిన అమీనాలా కనిపిస్తుంది.

ఈ జాబితాల వంశవృక్షం తవ్వుకుంటూ పోతే దారిలో సర్ జాన్ లబ్బక్ తగిలాడు. బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు, చీమలూ తేనెటీగలూ ఎలా ప్రవర్తిస్తాయో పుస్తకం రాసిన శాస్త్రజ్ఞుడు. 1871లో బ్యాంకు సెలవుల చట్టం తెచ్చి బ్రిటన్ ఉద్యోగులకు సెలవులు ఇప్పించిన పుణ్యాత్ముడు కూడా ఆయనే. జనం ఆయనకు దండం పెట్టుకున్నారు. తొందరపడ్డారు. 1886లో ఆయన లండన్‌లోని శ్రామికుల కళాశాలలో ఉపన్యసిస్తూ, చదవవలసిన వంద పుస్తకాల పట్టిక వినిపించాడు. కుడిచేత్తో ఇచ్చిన సెలవులను ఎడమచేత్తో ఎలా వెనక్కి తీసుకోవాలో ఆయనకు తెలుసు. చీమలను గమనించిన కళ్లు కదా, ముందు చీమ ఎటు వెళితే వెనక చీమలు అటే వెళతాయని ఆ కళ్లకు ఒకరు చెప్పాలా?

పట్టిక అచ్చయిందో లేదో తగవు మొదలైంది. జాన్ రస్కిన్ ఆ పట్టిక మీదే కలం పెట్టి చాలా పేర్లు కొట్టేశాడు. అదే సంవత్సరం ఆస్కార్ వైల్డ్ మరో మెట్టు పైకెక్కి, జనానికి చదవవలసినవి చెప్పడం దండగ, చదవకూడని వంద పుస్తకాలు చెబితే అదే మేలు అన్నాడు. ఆ సలహా అమలు కాలేదు. అయ్యుంటే ఈపాటికి ఆ వందా అందరం పూర్తి చేసి ఉండేవాళ్లం.

ఆ తర్వాత 1909లో హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని నలభై ఏళ్లు ఏలిన చార్లెస్ ఎలియట్ వచ్చాడు. ఐదడుగుల అరలో పట్టే పుస్తకాలను రోజుకు పదిహేను నిమిషాలు చదివితే చాలు, ఉదార విద్య వంటబడుతుందని ఆయన ధీమా. ఆ లెక్కన 51 సంపుటాలు వేశారు. విద్యను అడుగుల్లో కొలిచిన ఆ మహానుభావుడి మీద నాకు అపారమైన గౌరవం. ఆయన గురించి తెలిసిన రోజే టేపు తెచ్చి నా పుస్తకాల అర కొలిచాను. ఆరడుగుల మూడంగుళాలు. అంటే హార్వర్డ్ పెద్దలు చాలన్న చదువును నేను పదిహేను అంగుళాలు దాటిపోయాను. ఇందులో రిబ్బన్ల ప్రస్తావన అనవసరం.

సరిగ్గా అదే 1909లో ‘కన్యాశుల్కం’ రెండో కూర్పు వచ్చింది. మొదటిది 1897లోది. గురజాడ దాన్ని ఎంతగా తిరగరాశారంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు వేరే నాటకమే అంటారు. తెలుగు పాఠకుడికి ఇంతకు మించిన ఉపకారం మరే రచయితా చేయలేదని నా అభిప్రాయం. ఎవరైనా ‘కన్యాశుల్కం చదివారా?’ అని నిలదీస్తే తడబడనక్కరలేదు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుంటూ, ‘ఏ కూర్పు?’ అనాలి. అడిగినవాడు సర్దుకునేలోగా మాట మార్చేయాలి. ఈ అస్త్రాన్ని నేను ఇంతవరకూ నాలుగుసార్లు ప్రయోగించాను. ఒక్కసారే గురి తప్పింది. అవతలివాడు నిజంగానే రెండూ చదివాడు. అలాంటివాళ్లను సభలకు పిలవకూడదు.

మా ఆదివారం చర్చకు వస్తాను. మొదటి గంట ఇద్దరి మధ్య యుద్ధంతో గడిచింది. ఒకాయన విశ్వనాథ పక్షం, ఇంకొకాయన చలం పక్షం. ఈ పక్షాలు పుట్టుకతో వస్తాయో ఏమో తెలియదు గానీ, ఒక్కసారి చేరాక అవతలి పక్షం పుస్తకం తెరవనక్కరలేదన్న గొప్ప సౌకర్యం ఉంది. మూడో ఆయన మధ్యవర్తిగా ‘నారాయణరావు’ పేరు తెచ్చాడు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీ పెట్టినప్పుడు న్యాయనిర్ణేతలు ‘వేయిపడగలు’, ‘నారాయణరావు’లలో ఏది గొప్పదో తేల్చకుండా బహుమతిని రెండింటికీ చెరిసగం పంచిన సంగతి గుర్తుచేశాడు. రాతప్రతులు ఎదురుగా పెట్టుకున్న పండితులే తేల్చని విషయాన్ని పుస్తకాలు ఇంటి దగ్గర వదిలి వచ్చిన మేము ఐదుగురం అరగంటలో తేల్చేశాం. ధైర్యం అంటే అది.

‘మహాప్రస్థానం’ ఏకగ్రీవంగా నెగ్గింది. దాని కవితా శక్తిని తక్కువ చేయను గానీ, ఏకగ్రీవానికి ఆ పుస్తకం సన్నదనం కూడా చాలా తోడ్పడిందని నా అనుమానం. లావు పుస్తకాలకు భక్తులుంటారు, సన్న పుస్తకాలకు పాఠకులుంటారు.

అందరికంటే చిన్నవాడైన మిత్రుడు అప్పుడొక పొరపాటు చేశాడు. ‘బారిష్టర్ పార్వతీశం’ అన్నాడు. గది నిశ్శబ్దమైంది. ఒక పెద్దాయన దగ్గి, ‘అది సరేనండీ, గంభీరంగా ఆలోచించి చెప్పండి’ అన్నాడు. కుర్రవాడు తలవంచుకుని ఏదో అనువాద నవల పేరు చెప్పాడు. అందరూ తృప్తిపడ్డారు. తర్వాత తెలిసింది, పార్వతీశం మూడు భాగాలూ అతనికి దాదాపు కంఠస్థమట. నవ్వుకుంటూ చదివిన పుస్తకానికి జాబితాలో చోటుండదు. అక్కడ చోటు దొరకాలంటే ఆ పుస్తకం మనల్ని కనీసం ఒక వేసవి అయినా ఏడిపించి ఉండాలి.

ఇక మాటల సంగతి. చదవని పుస్తకం గురించి మాట్లాడటానికి మన భాషలో ఉన్నన్ని సదుపాయాలు ఎందులోనూ ఉండవేమో. ‘ఆ రోజుల్లో చదివాను’ అన్నది ఒకటి. ఏ రోజులో ఎవరూ అడగరు. ‘ఆయన వచనం వచనం కాదండీ’ అన్నది ఇంకొకటి. వచనం కాకపోతే మరేమిటో చెప్పనక్కరలేదు. వీటన్నిటికీ తలమానికం ‘మళ్లీ’. ‘ఈమధ్య మళ్లీ చదువుతున్నాను’ అన్న వాక్యంలోంచి ఆ రెండక్షరాలు తీసేసి చూడండి, పెద్దమనిషి కాస్తా ఇప్పుడిప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నవాడై కూర్చుంటాడు.

నా 112 పేజీలను చిన్నచూపు చూసేవారికి ఒక గణిత ప్రమాణం సమర్పిస్తున్నాను. 2014లో జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే అమెరికన్ గణితవేత్త సరదాకి ఒక సూచిక తయారుచేశాడు. కిండిల్ అనే ఈ-పుస్తక పరికరంలో పాఠకులు ఎక్కువగా గీతలు గీసిన ఐదు వాక్యాలు ఏయే పేజీల్లో ఉన్నాయో చూసి, సగటు తీసి, మొత్తం పేజీలతో భాగించాడు. గీతలు ఎక్కడ ఆగితే చదువూ అక్కడే ఆగిందని లెక్క. స్టీఫెన్ హాకింగ్ 1988లో రాసిన కాలం కథ, ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’, ప్రపంచమంతా కొని అలమరాల్లో పెట్టుకున్న పుస్తకం కదా, ఆ సూచికకు ఆయన పేరే పెట్టాడు. ఆ పుస్తకానికి వచ్చిన అంకె 6.6 శాతం. ఇది శాస్త్రీయం కాదని ఎలెన్‌బర్గ్ తానే చెప్పుకున్నాడు గానీ, నాకు అనుకూలమైన లెక్కల్లో నేను శాస్త్రీయత చూడను. నా ప్రతిలో సుమారు వెయ్యి పేజీలు. నేను ఆగింది 112 దగ్గర. అంటే 11 శాతం పైచిలుకు. విశ్వరహస్యాల కోసం ఎగబడ్డ పాఠకలోకం కంటే నేను ఒకటిన్నర రెట్లకు పైగా పట్టుదల గలవాడిని.

‘విసుగనిపించింది, వదిలేశాను’ అని నిజం చెప్పేయవచ్చు కదా అని మా ఇంట్లో అంటారు. ఆ దారీ ఆలోచించాను. టాల్‌స్టాయ్ అంతటివాడు షేక్‌స్పియర్ తనకు విసుగు పుట్టిస్తాడని ఏకంగా ఒక పెద్ద వ్యాసమే రాశాడు. అది చూసి నాకూ ధైర్యం వచ్చింది. టాల్‌స్టాయ్‌కి షేక్‌స్పియర్ విసుగైతే నాకు టాల్‌స్టాయ్ విసుగు కాకూడదా? తీరా వ్యాసంలోకి వెళితే, ఆయన ఆ నాటకాలను రష్యన్‌లో, ఇంగ్లీషులో, జర్మన్‌లో ఎన్నోసార్లు చదివాడట. పొరపాటు తనదేనేమోనని డెబ్బై ఐదేళ్ల వయసులో మొత్తం మరోసారి చదివాడట. అప్పుడు గానీ విసుగని తీర్పు చెప్పలేదు. విసుక్కోవడానికి అంత కష్టపడాలని తెలిశాక, గొప్పదని ఒప్పేసుకోవడమే సుఖమనిపించింది. పొగడటానికి పుస్తకం తెరవనక్కరలేదు కదా.

ఈ జాబితాల వ్యాపారానికి అడ్డుపడ్డ ఒకే ఒక్క మనిషి మన రంగనాథన్. లెక్కల మాస్టారుగా ఉండి గ్రంథాలయానికి వచ్చిన ఆయన 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశాడు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నది మూడోది. ఐదు సూత్రాలూ ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చదివాను (అవి ఐదే కాబట్టి పూర్తి చేశాను). ప్రతి పుస్తకమూ ప్రతి పాఠకుడికీ అని ఎక్కడా లేదు. పైగా పాఠకుడి కాలం ఆదా చేయమని నాలుగో సూత్రం. ఇంత నిర్లక్ష్యంగా సూత్రాలు రాస్తే మాలాంటి జాబితాకర్తలు ఏమైపోవాలి?

పది పేర్లు తేలాక మావాళ్లు అందరూ లేచారు. అప్పుడు కుర్రమిత్రుడు చెప్పులు వేసుకుంటూ, ఏ దురుద్దేశమూ లేకుండానే, ‘నిన్న రాత్రి ఎవరెవరు ఏం చదివారండీ?’ అని అడిగాడు. విశ్వనాథ పక్షం ఆయన ఫోను చూసుకున్నాడు. చలం పక్షం ఆయన గొడుగు వెతుక్కున్నాడు, వాన లేకపోయినా. నేను గత రాత్రి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌తో గడిపాను. ఆ నవల చదవడం అది నాలుగోసారి. హంతకుడెవరో నాకు తెలుసు. హంతకుడికి తప్ప అందరికీ తెలుసు. అయినా ఒంటిగంట దాకా దీపం ఆర్పలేదు. ‘మళ్లీ’ అన్న మాటను నా జీవితంలో నిజాయితీగా వాడగలిగిన సందర్భం అదొక్కటే. అక్కడ మాత్రం వాడలేకపోయాను.

గుమ్మం దాటబోతూ విశ్వనాథ పక్షం ఆయన వెనక్కి తిరిగి, ‘మాస్టారూ, నా వేయిపడగలు ఎవరో పట్టుకెళ్లి ఇవ్వలేదు. మళ్లీ ఒకసారి చదవాలని ఉంది. మీ ప్రతి ఇస్తారా?’ అన్నాడు. నా గుండె జారింది. లోపలి గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, ఎర్ర రిబ్బనును 112 నుంచి లాగి 936వ పేజీలో పెట్టాను. పదకొండేళ్ల ముడత పోకపోతే గోటితో నొక్కి సరిచేశాను. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన రిబ్బను వైపు చూసి, ‘చివరికొచ్చేశారే!’ అన్నాడు. నేను వినయంగా తలూపాను.

మూడు వారాలకు పుస్తకం తిరిగొచ్చింది. ‘అద్భుతమండీ. ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. ఆయన వచనం వచనం కాదు’ అన్నాడు. అవునన్నాను. ఆయన వెళ్లాక తెరిచి చూశాను. రిబ్బను 936లోనే ఉంది. నేను గోటితో నొక్కిన ముడత కూడా చెక్కుచెదరలేదు.

దాన్ని తీసి 112లో పెట్టుకున్నాను.