1812 యుద్ధం: ఫార్వర్డ్‌లో ఉన్నదొకటి, జరిగింది ఇంకొకటి

జులై 4 దగ్గర పడితే చాలు, మా చుట్టాల గ్రూపులో ఆ మెసేజ్ మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. డల్లాస్ నుంచి ఒకరు పెడతారు, విజయవాడ నుంచి ముగ్గురు దండాలు పెడతారు. అందులో ఉండేది ఇదీ: పసికూన అమెరికా మీదికి 1812లో పాత యజమాని బ్రిటన్ దండెత్తి వచ్చింది. వైట్‌హౌస్‌ను తగలబెట్టింది, ఆ మసి కనపడకుండా తెల్లరంగు వేస్తే దానికి ఆ పేరొచ్చింది. బొంబాయిలో కట్టిన ఓడ మీద అమెరికా జాతీయ గీతం పుట్టింది. చివరికి న్యూ ఆర్లియన్స్‌లో బ్రిటన్‌ను చిత్తు చేసి అమెరికా యుద్ధం ముగించింది.

ఊళ్ళ పేర్లు, సంవత్సరం కరెక్టే. మిగతాదే చూడాలి.

"బ్రిటన్ దండెత్తి వచ్చింది." యుద్ధం ప్రకటించింది అమెరికాయే, 1812 జూన్ 18న. సెనేట్‌లో 19-13 ఓట్లతో గట్టెక్కింది. కారణాలు లేకపోలేదు. నెపోలియన్‌తో పోరులో ఉన్న బ్రిటన్ అమెరికా వర్తకానికి అడ్డుపడింది. నడిసముద్రంలో అమెరికా ఓడలు ఆపి, "మీరు మావాళ్ళే" అంటూ నావికుల్ని తన నౌకాదళంలోకి లాక్కుపోయింది. కోపం న్యాయమైనదే. కానీ అమెరికా ముందుగా చేసిన పని అప్పట్లో బ్రిటన్ చేతిలో ఉన్న కెనడా మీదికి వెళ్ళడం. అదీ బెడిసికొట్టి, ఆగస్టు 16న డెట్రాయిట్ కోటనే శత్రువుకు అప్పగించుకుంది. ఇంకో విచిత్రం: వర్తకం మీద ఆంక్షలు ఎత్తేస్తున్నామని యుద్ధ ప్రకటనకు రెండు రోజుల ముందే లండన్‌లో చెప్పేశారు. కబురు అట్లాంటిక్ దాటాలంటే వారాలు పట్టే రోజులాయె.

"మసి దాచడానికి తెల్లరంగు." తగలబెట్టిన మాట నిజం, 1814 ఆగస్టు 24న. అధ్యక్షుడు మాడిసన్ ఇంట్లో 40 మందికి భోజనాలు సిద్ధం చేసి ఉన్నాయి. తినాల్సినవాళ్ళు పారిపోయారు. బ్రిటిష్ అధికారులు వచ్చి శుభ్రంగా తిని, వైన్ తాగి, ఆ తర్వాత నిప్పు పెట్టారు. రంగు సంగతి మాత్రం అబద్ధం. ఆ రాతిగోడలకు 1798లోనే సున్నం వేశారు, వానకీ మంచుకీ పాడవకుండా. తెల్ల ఇల్లు అనే పిలుపు కూడా మంటలకు ముందునుంచీ ఉంది. 1813లో అమెరికా సేనలు యార్క్‌లో, అంటే ఇప్పటి టొరంటోలో, చట్టసభ భవనాలు తగలబడటానికి కారణమయ్యాయన్న ముక్క ఫార్వర్డ్‌లో ఎప్పుడూ ఉండదు.

"బొంబాయి ఓడ మీద గీతం." మనవాళ్ళు ఎక్కువ మురిసిపోయేది ఇక్కడే, నేనూ ఒకప్పుడు మురిసినవాణ్ణే. ఓడలు కట్టే పార్సీ కుటుంబం వాడియాలు బొంబాయిలో కట్టిన మిండెన్ అనే యుద్ధనౌక నిజంగానే ఉండేది. కానీ గీతం రాసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ ఉన్నది దాంట్లో కాదు. బందీగా చిక్కిన ఒక డాక్టరును విడిపించడానికి వచ్చిన లాయరు ఆయన. బాల్టిమోర్ మీద దాడి అయ్యేదాకా కదలనివ్వకుండా ఆయన్ని బ్రిటిష్‌వాళ్ళు ఆయన వచ్చిన అమెరికన్ ఓడలోనే కాపలా పెట్టి ఉంచారు. ఆ ఊరికి కాపలాగా ఉన్న మెక్‌హెన్రీ కోట మీద 25 గంటలు గుండ్ల వాన. తెల్లారాక కోట మీద ఎగిరిన జెండా 42 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మన లెక్కలో దాదాపు మూడు సెంట్ల గుడ్డ! ఆయన పాట కట్టింది దాన్ని చూసే.

మన దేశపు లింకు కావాలంటే ఓడలో కాదు, పాటలో మెరిసే ఆ రాకెట్లలో ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక టిప్పు సుల్తాన్ రాకెట్లు ఇంగ్లండ్ చేరాయి. వాటిని చూసి కాంగ్రీవ్ అనే ఇంగ్లిషాయన తయారుచేసినవే ఆ రాత్రి బాల్టిమోర్ మీద పేలాయి. మనవి కావు, మనవాటి పిల్లలు.

"న్యూ ఆర్లియన్స్‌తో యుద్ధం ముగిసింది." అక్కడ అమెరికా సేనాని ఆండ్రూ జాక్సన్ గెలిచాడు, ఘనంగానే గెలిచాడు. కానీ ఆ పోరు 1815 జనవరి 8న. రాజీ పత్రం మీద గెంట్‌లో (ఇప్పటి బెల్జియంలోని ఊరు) సంతకాలు 1814 డిసెంబరు 24నే పడ్డాయి. సెనేట్ ఆమోదం ఫిబ్రవరిలో వచ్చింది కాబట్టి "యుద్ధం అయిపోయాక కొట్టుకున్నారు" అనే ఎగతాళి కూడా పూర్తిగా సరికాదు. కానీ షరతులు ముందే రాసేసుకున్నారు: ఎవరి నేల వాళ్ళకి, ఎప్పటిలాగే. లాక్కుపోయిన నావికుల గురించి అందులో ఒక్క మాట లేదు.

మరి ఓడింది ఎవరు? గ్రేట్ లేక్స్ దగ్గర ఆదివాసీ తెగల్ని కూడగట్టి బ్రిటన్ పక్షాన నిలిచిన టెకుమ్సే 1813 అక్టోబరు 5న యుద్ధంలో చనిపోయాడు. ఆదివాసీలకు ప్రత్యేక భూభాగం కావాలని గెంట్‌లో మొదట పట్టుబట్టిన బ్రిటన్, తర్వాత ఆ ఊసే వదిలేసింది. దక్షిణాన క్రీక్ తెగ చేత జాక్సన్ 1814 ఆగస్టులో సంతకం పెట్టించుకుని రెండు కోట్ల ఎకరాలకు పైగా రాయించుకున్నాడు. ఆ తెగలో కొందరు ఆయన తరఫునే పోరాడారు. వాళ్ళ భూమీ అందులోనే పోయింది.