93 పేర్లు, ఒక పొట్టి సంతకం

మన లోక్‌సభ ఎన్నికల పద్ధతి మారాలని నేను ఎప్పటి నుంచి వాదిస్తున్నానో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు కానీ, ఎప్పుడు మానుకున్నానో మాత్రం తేదీతో సహా అందరికీ తెలుసు: 2021 మార్చి 14, ఆదివారం.

ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి కనుక నా వాదమంతా అంకెల మీదే నడిచేది. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే విజేత అనే ఈ పద్ధతిలో, నూటికి ముప్పై మంది మెచ్చినవాడు, మెచ్చని డెబ్బై మందీ నలుగురి వెనుక చీలిపోయిన పుణ్యాన, నూరుగురికీ ప్రతినిధి అయి కూర్చుంటాడు. 2014లో దేశం మొత్తం మీద నాలుగు శాతానికి పైగా ఓట్లతో మూడో స్థానంలో నిలిచిన బహుజన సమాజ్ పార్టీకి లోక్‌సభలో ఒక్క సీటూ రాలేదు. ఇదే పద్ధతిలో జరిగే శాసనసభ ఎన్నికల్లోనైతే, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 39 శాతం ఓట్లు తెచ్చుకున్న తెలుగుదేశానికి 175 స్థానాల్లో దక్కినవి 23. (2024లో అదే 39 శాతానికి వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కినవి 11. ఈ ఉదాహరణ చెబితే అప్పట్లో ఒక పక్షం వారే నొచ్చుకునేవారు. ఇప్పుడు ఇరుపక్షాలూ నొచ్చుకుంటాయి.)

మరి మందేమిటని మా బావమరిది అడగడం, నేను అరగంట చెప్పడం రివాజు. ఓట్లకూ సీట్లకూ పొంతన కుదరాలంటే, లోక్‌సభ స్థానాలను పాతిక శాతం పెంచి, ఆ పెంచిన వాటిని పార్టీల ఓట్ల నిష్పత్తిలో పంచాలని లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో చెప్పింది. ఓట్ల చీలికకు మాత్రం, అభ్యర్థులకు 1, 2, 3 అని మన ఇష్టం కొద్దీ వరుస ఇచ్చే ప్రాధాన్య ఓటే మందు. అది మనకు కొత్త కూడా కాదు: 1969 రాష్ట్రపతి ఎన్నికలో మన నీలం సంజీవరెడ్డి గారి మీద నిలిచిన వి.వి. గిరి గారికి గెలవడానికి 4,18,169 ఓట్ల విలువ కావలసి ఉండగా మొదటి ప్రాధాన్యంలో వచ్చినది 4,01,515 మాత్రమే. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాకే ఆయన గట్టెక్కారు.

"అక్కడ వేసేది ఎంపీలు, ఎమ్మెల్యేలు కదా బావా, మామూలు జనం తప్పులు చేయరా?" అన్నాడు మా బావమరిది.

"జనాన్ని అంత తక్కువ అంచనా వేయకు" అన్నాను.

ఇంతలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చింది. అందులోనూ ప్రాధాన్య ఓటే కావడంతో, ముందురోజు రాత్రి భోజనాల బల్ల దగ్గర మా ఆవిడకూ బావమరిదికీ తరగతి పెట్టాను. అంకెలే వేయాలి, టిక్కు కూడదు, వాళ్లిచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నే వాడాలి, ఓటరు ఎవరో తెలిసిపోయే గుర్తేదీ కాగితం మీద ఉండకూడదు. "ఒకటి వేసి వచ్చేస్తే చాలదా?" అంది మా ఆవిడ. చాలుతుంది కానీ అది సంస్కర్త లక్షణం కాదన్నాను.

మర్నాడు నా చేతికొచ్చిన బ్యాలెట్ పత్రం పరిస్తే దుప్పటి, మడిస్తే దిండు. 93 మంది అభ్యర్థులు. నాకు తెలిసినవారు ఆరుగురు. అయినా సంస్కర్తను కనుక అందరికీ వరుస ఇవ్వాలని పూనుకున్నాను. ఏడు నుంచి మీసాలను బట్టి, నలభై దాటాక కేవలం దయను బట్టి ఇచ్చుకుంటూ పోయాను. అరవై మూడో ప్రాధాన్యానికి ఇద్దరి మధ్య ధర్మసందేహంలో పడి నేను నిలబడిపోయినప్పుడు, వెనుక వరుసలో ఎవరో "లోపల పెద్దాయన బాగానే ఉన్నారా?" అని అధికారిని అడగడం వినిపించింది. చివరికి 93 వేసి, ఏ అంకే రెండుసార్లు పడలేదని, ఏదీ తప్పిపోలేదని పైనుంచి కిందికి సరిచూసుకుని, తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాను. చేయి అలవాటు కొద్దీ తర్వాతి జవాబు పత్రం కోసం తడుముకుంటే నాలో నేనే నవ్వుకున్నాను కూడా. మడతలు పెట్టి, ఆ పత్రం కోసమే చేయించినట్లున్న జంబో పెట్టెలో వేశాను.

పెన్ను తిరిగి ఇస్తూ దానికి మూత బిగిస్తున్నప్పుడు, దానితో నేను చివరగా రాసినది 93 కాదని గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా ప్రతి జవాబు పత్రం అడుగునా, కుడివైపు మూలన, మార్కుల కూడిక సరిచూశాక పెట్టే పొట్టి సంతకం పెట్టేశాను.

లెక్కింపు నాలుగు రోజులు సాగింది. అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యానికి మళ్లిస్తూ, నేను అరగంట ఉపన్యాసంలో వర్ణించినట్లే ఆ పద్ధతి ముచ్చటగా పనిచేసింది. చూడటానికి మాత్రం నాకు ముఖం చెల్లలేదు. చెల్లని ఓట్లు 20 వేలకు పైగా ఉన్నాయని టీవీలో చెప్పిన ప్రతిసారీ, రెండు అంకెలు వేసి రెండు నిమిషాల్లో బయటికొచ్చిన మా ఆవిడ నా వైపు చూసేది. నా వాదంలో దోషం లేదని ఇప్పటికీ నమ్ముతున్నాను. అయితే నేను నోరు తెరిచిన ప్రతిసారీ మా బావమరిది "జనాన్ని తక్కువ అంచనా వేయకూడదు బావా" అంటూ మంచినీళ్ల గ్లాసు అందిస్తున్నాడు.

ఆ వారమే గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు రసీదు మీద సంతకం అడిగాడు. నేను పెన్ను కోసం వెతుకుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది:

"దాని మీద పెట్టండి, చెల్లుతుంది."